లండను నేలక్రింది కోటగోడ: పురావస్తువేత్త గ్రైమ్స్ జీవితము

లండను నగరమును చుట్టివచ్చిన రోమను ప్రాకారము వాయవ్య దిక్కున విచిత్రమైన వంపు తిరుగును. తూర్పునకు సాగవలసిన గోడ హఠాత్తుగా ఉత్తరమునకు మరలి, కొంత దూరము పోయి, తిరిగి తూర్పునకు మళ్లును. అచ్చట కొండ లేదు. నదియు అడ్డము రాలేదు. ఈ వంపునకు కారణమేమో చిరకాలము తెలియలేదు. ఆ చిక్కుముడిని విప్పినవాడు విలియం ఫ్రాన్సిస్ గ్రైమ్స్.

గ్రైమ్స్ 1905లో వేల్సు దేశమునందలి పెంబ్రోక్ పట్టణమున జన్మించెను. కార్డిఫ్ విశ్వవిద్యాలయ కళాశాలలో లాటిను భాష నభ్యసించి, 1926లో వేల్సు జాతీయ ప్రదర్శనశాలలో ఉద్యోగమున ప్రవేశించెను. హోల్ట్ అను గ్రామమున రోమను ఇరువదవ సేనాదళమువారు పెంకులను, కుండలను కాల్చిన ఆవములను గూర్చి 1930లో గ్రంథము ప్రకటించెను. రోమను సైనికులు కత్తి పట్టుటలోనే కాక కట్టడములు నిర్మించుటలోను ఎట్టి క్రమమును పాటించిరో అతనికి అప్పుడే అవగతమయ్యెను. 1939లో సటన్ హూ దిబ్బలోని ప్రసిద్ధ నిధిని వెలికితీసినవారిలో అతడును ఒకడు. యుద్ధకాలమున విమానాశ్రయములకై చదును చేయుచున్న స్థలములను, యంత్రములు వచ్చులోపల త్రవ్వి పరిశీలించుట అతని పని. కాలముతో పోటీపడుట అతడు అచ్చటనే నేర్చెను.

1940 డిసెంబరు 29 రాత్రి జర్మను విమానములు కురిపించిన బాంబులకు లండనులోని క్రిపుల్‌గేట్ ప్రాంతము బూడిదయ్యెను. అంతవరకు లండను ప్రదర్శనశాలకు అధిపతిగా నుండిన మార్టిమర్ వీలర్ 1944లో భారత పురావస్తుశాఖకు నాయకుడై వచ్చి, మరుసటి యేట పుదుచ్చేరి చెంతనున్న అరికమేడును త్రవ్వి రోమను వర్తకపు ఆనవాళ్లను వెల్లడించెను. లండనులో వీలర్ విడిచిన పదవి 1945లో గ్రైమ్స్‌కు లభించెను. శిథిలములైన వీథులలో త్రవ్వకములు సాగించు భారమును కూడ అతడే వహించెను.

ఆ పని సుకరము కాదు. ధనము స్వల్పము, కూలీలు కొలదిమంది. స్థలయజమానులు దయతలచి అనుమతించిన చోటనే త్రవ్వవలెను. వారిని నిర్బంధించు చట్టము ఆనాడు లేదు. పూర్వపు వర్తకులు త్రవ్వించిన నేలమాళిగలు రోమను కాలపు పొరలను చాలవరకు మ్రింగివేసినవి. మిగిలిన కొంచెమును క్రొత్త భవనముల లోతైన పునాదులు హరింపనున్నవి. ఒకసారి జారవిడిచిన స్థలము మరల చేతికి రాదు.

నోబుల్ వీథిలో గోడ అడుగుభాగమును పరిశీలించిన గ్రైమ్స్ ఒక వింతను గుర్తించెను. అది ఒకే గోడ కాదు. ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన రెండు గోడలు. వెలుపలి గోడ సన్ననిది, ముందు కట్టినది. లోపలిది దానిని బలపరచుటకై తరువాత చేర్చినది. మరికొంత దక్షిణమున ఆ పాతగోడ నగర ప్రాకారమును విడిచి, గుండ్రముగా తూర్పునకు తిరిగెను. ఆ మూలయందు చిన్న బురుజు పునాది బయల్పడెను. గుండ్రని మూలలు రోమను సైనిక దుర్గములకు గుర్తు. దొరికిన కుండపెంకులను బట్టి ఆ దుర్గము క్రీ.శ. 120 ప్రాంతమున నిర్మితమైనదని తేలెను.

వంపునకు కారణము అంతటితో విశదమయ్యెను. క్రీ.శ. 200 ప్రాంతమున నగరమునకు ప్రాకారము కట్టినవారు, అంతకుముందే నిలిచియున్న దుర్గపు ఉత్తర, పశ్చిమ కుడ్యములను తొలగింపక, లావుచేసి తమ గోడలో కలుపుకొనిరి. దక్షిణ, తూర్పు కుడ్యములు నగరములోపల చిక్కి మరుగునపడెను. సుమారు 12 ఎకరముల ఆ దుర్గము ఉనికినే లోకము మరచినది. అయినను దాని నడిమి బాట వుడ్ వీథి రూపమున నేటికిని జనుల నడకలో నిలిచియున్నది.

1954లో గ్రైమ్స్ వాల్‌బ్రూక్ చెంత మిత్ర దేవుని ఆలయమును కనుగొనెను. సెప్టెంబరు 18న దేవుని పాలరాతి శిరస్సు దొరకగా, చూచుటకు జనులు బారులు తీరిరి. కోటగోడను చూడ అట్టి సమూహము రాలేదు. కాని నగరచరిత్రను తిరుగవ్రాయించినది ఆ గోడయే.

1956 నుండి 1973 వరకు లండను పురావస్తు విద్యాలయమునకు అధ్యక్షుడై, 1968లో తన త్రవ్వకములను గూర్చి గ్రంథము వెలువరించి, 1988లో అతడు కన్నుమూసెను. అందు సర్వమును చేర్చుట అతనికి సాధ్యపడలేదు. ఆలయమును గూర్చిన సమగ్ర నివేదిక 1998లో, దుర్గమును గూర్చినది 2012లో ఇతరుల చేతిమీదుగా వెలువడెను. అది లోపమే, అయినను అతడు ఆనాడు వ్రాసియుంచిన కొలతలు, గీసిన పటములు లేనిచో ఆ నివేదికలును లేవు. త్రవ్విన నేల మరల త్రవ్వుటకు మిగులదు. కావున చరిత్ర విద్యార్థికి పలుగుపారల కంటె వ్రాతపుస్తకమే ముఖ్యసాధనము.

దుర్గపు పడమటి ద్వారము శిథిలములు నేడు రద్దీయైన రాజమార్గము క్రింద ఒక గదిలో భద్రముగా నున్నవి. నోబుల్ వీథిలో రెండు గోడల కలయిక నేటికిని ఆరుబయట కనబడును.