15 రూపాయల జరిమానా
(షేక్ ముజిబుర్ రహమాన్ జీవితంలో ఒక అధ్యాయం)

బంగ్లాదేశ్ స్థాపకుడు షేక్ ముజిబుర్ రహమాన్ పేరు వినని విద్యావంతులు మన దేశంలో అరుదు. ఆయన నేలకొరిగి అర్ధశతాబ్ది గడచిపోయింది. ఈ కాలంలో ఆయన కీర్తిని ఒకరు ఆకాశానికెత్తితే మరొకరు మట్టిలో కలిపారు. 2024 ఆగస్టులో ఆయన కుమార్తె షేక్ హసీనా ప్రభుత్వం విద్యార్థుల ఉద్యమ ధాటికి కూలిపోయినప్పుడు, ఢాకా నగరంలోని ధన్‌మండిలో ఆయన నివసించిన గృహాన్ని జనసమూహం తగులబెట్టింది. 2025 ఫిబ్రవరిలో మిగిలిన గోడలను సైతం కూలద్రోసింది. ఇట్టి వ్యక్తిని గురించి వ్రాయబూనడం కత్తిమీద సామువంటిదే. అయినప్పటికీ ఆయన యౌవనంలో జరిగిన ఒక సంఘటన మనవంటి విద్యార్థులు తప్పక తెలిసికొనదగినదిగా ఉన్నది. అది యుద్ధము కాదు, ఎన్నిక కాదు. ఒక విశ్వవిద్యాలయంలో గదులు ఊడ్చేవారు, గంట కొట్టేవారు, కాగితాలు మోసే బంట్రోతులు చేసిన సమ్మె.

ముజిబుర్ రహమాన్ 1920 మార్చి 17వ తేదీన నాటి ఫరీద్‌పూర్ జిల్లాకు చెందిన టుంగీపాడా గ్రామంలో జన్మించారు. తండ్రి లుత్ఫర్ రహమాన్ సివిలు కోర్టులో సిరస్తాదారు. అనగా ఆ కుటుంబం పేదదీ కాదు, జమీందారీదీ కాదు. కచ్చేరీ జీతంతోనూ కొద్దిపాటి భూమితోనూ గౌరవంగా గడుపుకొనే ఇల్లు. బాల్యంలో బెరిబెరి వ్యాధి, పిమ్మట కంటి జబ్బు ఆయనను పీడించాయి. శస్త్రచికిత్స వలన చదువు కొన్నేండ్లు వెనుకబడి, 1942లో గాని మెట్రిక్యులేషన్ పూర్తి కాలేదు. ఆపై కలకత్తా ఇస్లామియా కళాశాలలో చేరి, బేకర్ హాస్టలులో నివసిస్తూ, సుహ్రవర్దీ అనుచరుడై, 1946లో కళాశాల విద్యార్థి సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1943 నాటి బెంగాలు కరువులో అన్నార్తులకు గంజి కేంద్రాలు నడపటంలోనూ, 1946 నాటి మతకల్లోలాలలో బాధితులను సురక్షిత స్థలాలకు చేర్చటంలోనూ ఆయన పాలుపంచుకొన్నారు. పుస్తకాల పురుగు ఆయన ఎన్నడూ కాదు. 1947లో బి.ఏ. పట్టభద్రుడై, దేశవిభజన అనంతరం ఢాకా చేరి, విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థిగా ప్రవేశించారు. కొడుకు న్యాయవాది కావాలన్నది తండ్రి కోరిక.

ఢాకా విశ్వవిద్యాలయ పరిస్థితి ఇచ్చట కొంత చెప్పక తప్పదు. 1921లో స్థాపితమైన ఆ సంస్థ మొదట కొద్దిమంది విద్యార్థులు వసతి గృహాలలో ఉండి చదువుకొనే ఆవాస విశ్వవిద్యాలయం. దేశవిభజనతో తూర్పు బెంగాలుకు అదొక్కటే విశ్వవిద్యాలయం అయినది. అంతకు ముందు కలకత్తాకు అనుబంధమై ఉన్న కళాశాలలన్నీ దాని నెత్తిన పడ్డాయి. ఆచార్యులు అనేకులు సరిహద్దు దాటి వెళ్ళిపోయారు. విద్యార్థులు పెరిగారు, పరీక్షలు పెరిగాయి, కాగితాలు పెరిగాయి. ఈ భారం చిట్టచివరకు ఎవరి భుజాలపై దిగుతుందో ఏ కార్యాలయంలో పనిచేసిన వారినైనా అడగవచ్చు. బంట్రోతులు, కాపలాదారులు, హాస్టలు పరిచారకులు మొదలైన వారిని నాల్గవ తరగతి ఉద్యోగులని పిలిచేవారు. బజారులో ధరలు మండిపోతున్నా వారి జీతం మాత్రం అందుకు తగినట్లు పెరుగలేదు. పనివేళలకు ఒక హద్దు అంటూ లేదు.

వారు సంఘంగా ఏర్పడి, కోర్కెలు విన్నవించి, ఫలితం కానరాక 1949 మార్చి మొదటి వారంలో సమ్మెకు దిగారు. వంగభాషలో సమ్మెను ధర్మఘట్ అంటారు. మన చెవికి ఆ మాటలో ఏదో వ్రతం పట్టినట్టి గాంభీర్యం వినిపిస్తుంది.

అప్పటికి ముజిబుర్ రహమాన్ జైలునుండి వెలుపలికి వచ్చి కొద్ది వారాలు మాత్రమే అయినది. 1948 మార్చి 11న భాషోద్యమంలో ఒకసారి, అదే సంవత్సరం సెప్టెంబరులో మరొకసారి ఆయన నిర్బంధానికి గురై, 1949 జనవరిలో విడుదలయ్యారు. ఉర్దూ ఒక్కటే పాకిస్తాన్ రాజభాష కాగలదని జిన్నా 1948 మార్చిలో అదే విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో ప్రకటించటం, విద్యార్థులు అక్కడికక్కడే నిరసన తెలపటం చరిత్రకెక్కిన విషయాలు. ఒక్క మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఈ సంచికలో ఉర్దూ భాగం ఆ వైపునుండి, తెలుగు భాగం ఈ వైపునుండి ఆరంభమై నడుమ కలుసుకొంటాయి. ఒకటి రెండవదానిని తరిమివేయదు. నాటి బెంగాలీ విద్యార్థుల పోరు ఉర్దూపై కాదు, తమ నోటి మాటకు చోటు లేకుండా చేసిన శాసనంపై మాత్రమే.

ఇక సమ్మె సంగతి. విద్యార్థులు తరగతులు బహిష్కరించి ఉద్యోగుల పక్షాన నిలిచారు. సమ్మె వలన మొదట ఇబ్బంది పడినది ఆ విద్యార్థులే. హాస్టలులో నీరు పెట్టేవాడు లేడు, వంటశాలలో సాయం చేసేవాడు లేడు. తమ సౌకర్యానికి భంగం కలిగించినవాని పక్షాన నిలుచుట ప్రతి విద్యార్థికీ చేతనయ్యే పని కాదు. మన కళాశాలలో ఒక్కపూట కుళాయి ఆగితే మనం ఎవరిని తిట్టుకొంటామో మనకు తెలుసు. ముజిబుర్ రహమాన్ తన సహచరులతో కలిసి సభలు జరిపారు, ఊరేగింపులు నడిపారు, అధికారులతో సంప్రదింపులకు వెళ్ళారు. అధికారులు మెట్టు దిగలేదు. విశ్వవిద్యాలయాన్ని మూసివేశారు. ఏపూట కూలి ఆపూట తినే కుటుంబాలకు మూతపడిన విద్యాలయం ఎదుట ఎన్నాళ్ళు నిలువ సాధ్యం? వెనుక నిధి లేదు, అండగా నిలిచే పెద్ద సంఘం లేదు. సమ్మె క్రమంగా సడలిపోయింది.

పిమ్మట అధికారుల దృష్టి విద్యార్థులపైకి మళ్ళింది. మార్చి నెలాఖరులో 27 మందిపై చర్య తీసికొన్నారు. కొందరిని కొన్నేండ్లపాటు విశ్వవిద్యాలయం నుండి, కొందరిని వసతి గృహాలనుండి వెళ్ళగొట్టారు. మరికొందరికి జరిమానా వేశారు. వారిలో విద్యార్థినులు కూడా ఉన్నారు. ముజిబుర్ రహమాన్‌కు పడినది 15 రూపాయల జరిమానా, ఇకమీదట సత్ప్రవర్తనతో మెలగుదునని ఒక ముచ్చలికా. ఏప్రిలు 17వ తేదీ గడువు.

శిక్షలలో అది తేలికైనదే. సిరస్తాదారుగారి కుమారునికి 15 రూపాయలు పుట్టకపోవు. ఒక్క సంతకం చేస్తే చదువు నిలిచేది, తండ్రి కోరిక నెరవేరేది. అనేకులు ఆ విధంగానే చేశారు; వారిని తప్పుపట్టుట మన పని కాదు. ఇంటివద్ద వారికోసం ఎదురుచూచే తల్లిదండ్రులు వారికీ ఉన్నారు. అయితే ఆ సొమ్ము చెల్లించి ముచ్చలికా వ్రాసి ఇస్తే, బంట్రోతుల పక్షాన నిలిచినది నేరమని తన చేతితో తానే ఒప్పుకొన్నట్లగును. ముజిబుర్ రహమాన్ చెల్లించలేదు, వ్రాయలేదు. గడువు దాటినది. ఆయన పేరు విశ్వవిద్యాలయపు రిజిష్టరునుండి తొలగిపోయింది.

శిక్షలు రద్దు చేయాలని విద్యార్థులు ఉపాధ్యక్షుని, అనగా వైస్ చాన్సలర్‌గారి, నివాసం ఎదుట బైఠాయించారు. ఏప్రిలు 19న పోలీసులు వచ్చి ముజిబుర్ రహమాన్‌ను అరెస్టు చేశారు.

ఇచ్చట ఆగి ఆలోచింపదగిన విషయం ఒకటి ఉన్నది. నాటి ఢాకాలో బంట్రోతుకు యజమాని ఎవరో అందరికీ తెలుసు. ఆ యజమాని ఇల్లు ఎక్కడో తెలుసు. అక్కడికి వెళ్ళి కూర్చుంటే చాలు. నేడు అనేక విద్యాసంస్థలలో ఊడ్చేవారిని, కాపలా కాసేవారిని సంస్థ నేరుగా నియమించుట లేదు. నడుమ ఒక కంట్రాక్టరు ఉంటాడు. జీతం తక్కువైనదని అడిగితే సంస్థవారు కంట్రాక్టరును చూపుతారు, కంట్రాక్టరు టెండరులో వ్రాసిన అంకెను చూపుతాడు. కంట్రాక్టు మారినప్పుడల్లా పదేండ్లు పనిచేసినవాడు మళ్ళీ కొత్తవాడగును. మనిషి అదే, చీపురు అదే, వరండా అదే. మారినది యజమాని పేరు. ఆ సమ్మె నేడు జరిగితే విద్యార్థులు ఏ గుమ్మం ఎదుట బైఠాయించాలన్నదే మొదటి ప్రశ్న అయి ఉండేది.

1949 జూన్ 23న ఢాకాలో అవామీ ముస్లిం లీగు స్థాపితమైనది. అప్పుడు ముజిబుర్ రహమాన్ జైలులోనే ఉన్నారు. అయినా ఆయనను సంయుక్త కార్యదర్శిగా ఎన్నుకొన్నారు. విడుదలై స్వగ్రామం చేరగా, అవసరమైతే భూమి అమ్మియైనా సరే లండనుకు పంపి న్యాయశాస్త్రం చదివిస్తానని తండ్రి చెప్పినట్లు 2012లో వెలువడిన ఆయన అసంపూర్ణ ఆత్మకథ వలన తెలియుచున్నది. కుమారుడు వెళ్ళలేదు. ఆపై ఆయన జీవితంలో జైలు గదులు విద్యాలయాల స్థానం ఆక్రమించాయి.

1954 మే నెలలో ఆయన తొలిసారి మంత్రిగా ప్రమాణ స్వీకారం చేసిన దినముననే, నారాయణ్‌గంజ్ సమీపంలోని ఆదంజీ జనపనార మిల్లులో బెంగాలీ కార్మికులకూ బెంగాలీయేతర కార్మికులకూ మధ్య ఘోరమైన కొట్లాట చెలరేగి వందలాది మంది మరణించారు. కొత్త మంత్రి సన్మానాలు వదలి అక్కడికి పరుగెత్తారు. ఒకే మిల్లులో ఒకే జీతానికి పనిచేసేవారు భాషాభేదంతో ఒకరినొకరు నరుకుకొన్న ఆ దృశ్యం చూచినవారెవరూ జన్మలో మరువజాలరు. 1956లో పరిశ్రమలు, వాణిజ్యం, కార్మిక శాఖల మంత్రి అయ్యారు. మరుసటి ఏడు పార్టీ పనికై ఆ పదవి వదలుకొన్నారు. 1966 ఫిబ్రవరిలో లాహోరులో ఆరు సూత్రాల కార్యక్రమం ప్రకటించారు. దానికి మద్దతుగా జూన్ 7న జరిగిన సార్వత్రిక సమ్మెలో తేజ్‌గావ్, నారాయణ్‌గంజ్‌లలో పోలీసు కాల్పులకు బలియైనవారిలో కార్మికులు పలువురు. 1970 ఎన్నికలలో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాలలో 160 ఆయన పార్టీకి దక్కాయి. తదుపరి కథ లోకవిదితము.

అధికారం చేపట్టిన పిమ్మట ఆయన ఏమి చేశారు? 1972 రాజ్యాంగం కర్షక కార్మికులను దోపిడీనుండి విముక్తులను చేయుట రాజ్యధర్మమని ప్రకటించింది. జనపనార, నూలు మిల్లులు జాతీయమయ్యాయి. 1973లో ఒక ఉత్తర్వు ద్వారా ఢాకా విశ్వవిద్యాలయానికి స్వయంప్రతిపత్తి కలిగించారు. ఇవి ఘనతలే. అయితే జాతీయమైన మిల్లులలో సమ్మె చేసే హక్కును కూడా ఆయన ప్రభుత్వమే అరికట్టింది. 1974లో కరువు వచ్చింది. మృతులు 27,000 మందియని ప్రభుత్వమే అంగీకరించగా, ఇతరుల అంచనాలు దానికి ఎన్నో రెట్లు. ఆ డిసెంబరులో అత్యవసర పరిస్థితి విధించారు, సమ్మెలు నిషేధమయ్యాయి. 1975 జనవరిలో ఏకపార్టీ పాలన వచ్చింది; కార్మికులకు ఆ పార్టీ అనుబంధ సంఘం ఒక్కటే మిగిలింది. జూన్‌లో నాలుగు దినపత్రికలు తప్ప తక్కినవన్నీ మూతపడ్డాయి. శిథిలమైన దేశం, ఖాళీ ఖజానా, ఆయుధాలతో తిరిగే ముఠాలు — ఈ కారణాలన్నీ చెప్పుకొనవచ్చు. అవి అసత్యాలూ కావు. కాని 1949లో వైస్ చాన్సలర్‌గారి వద్ద కూడా కారణాలు ఉండే ఉంటాయి. ముచ్చలికా వ్రాయ నిరాకరించిన విద్యార్థి, దేశాధినేతయై అందరినుండీ ఒక విధమైన ముచ్చలికా కోరుట ఆయన జీవితంలోని విషాదమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1975 ఆగస్టు 15న రాష్ట్రపతి హోదాలో, విశ్వవిద్యాలయ కులపతిగా, ఆయన ఢాకా విశ్వవిద్యాలయాన్ని సందర్శించవలసి ఉన్నది. తనను వెళ్ళగొట్టిన ప్రాంగణంలో ఆయనకు స్వాగత సన్నాహాలు జరిగాయి. ఆ తెల్లవారుజామున సైనికాధికారులు కొందరు ధన్‌మండి గృహంలోకి చొరబడి ఆయనను, భార్యను, ముగ్గురు కుమారులను కాల్చి చంపారు. కడపటి కుమారుడు రసెల్‌కు పదేండ్లు. విదేశంలో ఉండుటచే ఇద్దరు కుమార్తెలు బ్రతికిపోయారు.

2010 ఆగస్టు 14న ఢాకా విశ్వవిద్యాలయ పాలకవర్గం 1949 నాటి బహిష్కరణ ఉత్తర్వును రద్దు చేసింది. అప్పటికి 61 సంవత్సరాలు గడచాయి. ఆ 15 రూపాయలు చెల్లింపబడలేదు. న్యాయశాస్త్ర పట్టమూ ఆయనకు లభించలేదు.