రెండుసార్లు తగ్గినట్టే తగ్గి.. 27 ఏళ్లకే ప్రాణం తీసింది: జిడ్డు కృష్ణమూర్తి తమ్ముడి కథ ఇది

జిడ్డు కృష్ణమూర్తి.. మదనపల్లెలో పుట్టి ప్రపంచమంతా ప్రసంగాలు చేసిన తత్వవేత్త. ఆయన పేరు తెలియనివాళ్లు మన దగ్గర తక్కువే. మరి ఆయన వెంట నీడలా తిరిగిన తమ్ముడు నిత్యానంద గురించి ఎంతమందికి తెలుసు? ఆ తమ్ముడిని బలి తీసుకున్న జబ్బు క్షయ. అదే టీబీ. తగ్గిపోయిందని అందరూ సంబరపడిన ప్రతిసారీ మళ్లీ ఎందుకు తిరగబెట్టింది? ఆ క్రిమి ఒంట్లో ఎక్కడ దాక్కుంది?

కడపలో తల్లిని పోగొట్టుకుని..

నిత్యానంద 1898లో పుట్టారు. అన్నకంటే మూడేళ్లు చిన్న. తండ్రి నారాయణయ్య బ్రిటిష్ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బదిలీల మీద బదిలీలు. అప్పట్లో మదనపల్లె కూడా కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకే అటు వెళ్లింది. 1905లో కడపలో ఉండగా తల్లి సంజీవమ్మ చనిపోయారు. అప్పటికి నిత్యకు ఏడేళ్లు. అప్పటి నుంచి అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు తోడు.

1909లో కుటుంబం మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరింది. కృష్ణమూర్తే కాబోయే జగద్గురువు అని సమాజం పెద్దలు నమ్మారు. అనీబిసెంట్ అన్నదమ్ములిద్దరినీ చేరదీసి 1911లో ఇంగ్లండ్ తీసుకెళ్లారు. నిత్య చదువులో చురుకు. లండన్‌లో లా చదివారు.

1921.. పిడుగులాంటి వార్త

23 ఏళ్ల వయసులో నిత్యకు క్షయ ఉన్నట్టు తేలింది. అప్పటికి దీనికి మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి.. ఇవే చికిత్స. స్విట్జర్లాండ్ కొండల్లో ఉంచారు. కాస్త తేరుకున్నారు. 1922లో సిడ్నీ వెళ్లాక మళ్లీ తిరగబెట్టింది. దాంతో అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని ఓహై లోయకు చేరారు. అక్కడి పొడి గాలి పడుతుందని ఆశ. నిజంగానే కోలుకున్నారు. ఇక గండం గడిచిందనే అనుకున్నారంతా.

ఇంతకీ ఒంట్లో ఏం జరుగుతుంది?

క్షయ ఉన్నవాళ్లు దగ్గితే సన్నని తుంపర్లతో పాటు క్రిమి గాల్లోకి వస్తుంది. పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అక్కడ కాపలా ఉండే మ్యాక్రోఫేజ్ అనే రక్షక కణం దాన్ని మింగేస్తుంది. మామూలు క్రిమి అయితే ఆ కణం లోపలే చచ్చిపోవాలి. కానీ క్షయ క్రిమి అలా కాదు. తనను కరిగించే రసాయనాల సంచి దగ్గరికి రాకుండా అడ్డుకుంటుంది. తనను పట్టుకున్న కణంలోనే కాపురం పెడుతుంది. పట్టుకున్న పోలీసు ఇంట్లోనే దొంగ మకాం వేసినట్టన్నమాట!

కొన్ని వారాలకు టీ-కణాలు రంగంలోకి దిగుతాయి. మ్యాక్రోఫేజ్‌లకు బలం ఇచ్చి, క్రిమి చుట్టూ కణాలతో గోడ కట్టిస్తాయి. ఈ గడ్డనే గ్రాన్యులోమా అంటారు. లోపల కొన్ని క్రిములు చస్తాయి. కొన్ని నిద్రపోయినట్టు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అందుకే క్రిమి సోకిన వంద మందిలో 5 నుంచి 10 మందికే జీవితకాలంలో జబ్బుగా మారుతుంది.

ఒంట్లో బలం తగ్గిందా.. గోడ బీటలు వారుతుంది. సరైన తిండి లేకపోవడం, షుగర్, హెచ్ఐవీ, పొగతాగడం, క్వారీల్లో పీల్చే సిలికా దుమ్ము.. ఇవన్నీ ఆ గోడను బలహీనం చేసేవే. వలస పనులు, రాళ్ల పనులు ఎక్కువగా ఉండే కర్నూలు, కడప పల్లెలు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది. గోడ పగిలితే ఊపిరితిత్తిలో గుంత పడుతుంది. దగ్గులో రక్తం పడొచ్చు. ఈ నష్టంలో సగం పాపం క్రిమిదైతే, మిగతాది దానితో పోరాడే మన రోగనిరోధక శక్తిదే.

విశ్రాంతి, తిండి ఆ గోడను నిలబెట్టగలవు. లోపలున్న క్రిమిని మాత్రం పూర్తిగా తుడిచిపెట్టలేవు. నిత్య విషయంలో జరిగింది అదే.

సూయజ్ దగ్గర అందిన టెలిగ్రామ్

1925లో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి గట్టిగా. అయినా తమ్ముడికి ఏమీ కాదని, అతీత శక్తులు కాపాడతాయని కృష్ణమూర్తి నమ్మారు. ఆ నమ్మకంతోనే అడయారు స్వర్ణోత్సవాలకు బయల్దేరారు. ఓహైలో నిత్యకు ఫ్లూ తగిలింది. అసలే దెబ్బతిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేకపోయాయి. నవంబర్ 13న కన్నుమూశారు. ఓడ సూయజ్ కాలువ దగ్గర ఉండగా అన్నకు ఆ వార్త అందింది. రోజుల తరబడి ఆయన కుమిలిపోయారు. అప్పటిదాకా ఉన్న నమ్మకాలు కదిలిపోయాయి. 1929లో తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థనే ఆయన రద్దు చేసేశారు.

సొంతూరి పక్కనే ఆరోగ్యవరం

విచిత్రం ఏంటంటే.. నిత్య చిన్ననాటి ఊరు మదనపల్లె పక్కనే 1912లో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం ఏర్పాటైంది. డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్-మోలర్ దాన్ని నడిపారు. బీసీజీ టీకాను పారిస్‌లో మొదటిసారి మనిషికి ఇచ్చింది 1921లో. అంటే నిత్యకు జబ్బు బయటపడిన ఏడాదే! 1948లో మన దేశంలో ఆ టీకాలు మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె కూడా ఒకటి. క్రిమిని చంపే తొలి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. ఐసోనియాజిడ్ వాడకం 1952లో మొదలైంది. నిత్యకు ఇవేవీ అందలేదు.

ఇప్పుడు మనకు అన్నీ ఉన్నాయి. రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం. మందులూ ఉచితమే. తిండి కోసం నెలకు రూ.1000 సాయం కూడా ఉంది. మామూలు క్షయకు కనీసం ఆరు నెలలు మాత్రలు వేసుకోవాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడుతుంది. చాలామంది మాత్రలు ఆపేసేది అక్కడే. అలా ఆపేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. తగ్గినట్టు కనిపించడం వేరు.. తగ్గడం వేరు. 27 ఏళ్ల నిత్య జీవితం చెప్పేది ఇదే.