నోబెల్ గుండెకు నైట్రోగ్లిజరిన్

1896 అక్టోబరు. పారిస్‌లో గుండె వైద్యులు ఆల్ఫ్రెడ్ నోబెల్‌ను పరీక్షించి మందు రాసిచ్చారు. చీటీలో మందు పేరు ట్రైనైట్రిన్. పేరే కొత్తది, సరుకు పాతదే. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఫ్యాక్టరీల్లో టన్నుల కొద్దీ తయారవుతున్న నైట్రోగ్లిజరిన్! కొండల్ని పిండి చేసిన ఆ ద్రవాన్ని ఇప్పుడు చుక్కల లెక్కన లోపలికి పుచ్చుకోమన్నారు. ఈ విడ్డూరాన్ని ఆయనే తన సహాయకుడు రాగ్నర్ సోల్మన్‌కు ఉత్తరంలో చెప్పుకున్నారు. మందుల షాపువాళ్లూ, జనమూ హడలిపోకుండా పేరు మార్చారని కూడా అందులో రాశారు.

ఆ మందు రక్తనాళాల్ని వదులు చేస్తుందని అప్పటి డాక్టర్లకు తెలుసు. ఎలా చేస్తుందన్నది మాత్రం తెలియదు. ఆ గుట్టు విప్పడానికి ఇంకో ఎనభై, తొంభై ఏళ్లు పట్టింది. విప్పిన వాళ్లకు దక్కింది నోబెల్ బహుమతే.

రోగిష్టి పిల్లాడు

ఆల్ఫ్రెడ్ 1833 అక్టోబరు 21న స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో పుట్టాడు. తండ్రి ఇమ్మాన్యుయేల్ ఇంజినీరు. కొత్త కొత్త ప్రయోగాలంటే పిచ్చి. కొడుకు పుట్టిన ఏడాదే దివాలా తీశారు. నాలుగేళ్లకు పొట్ట చేతపట్టుకుని ఫిన్లాండ్‌కు, అక్కణ్నుంచి రష్యాకు వెళ్లిపోయారు. తల్లి ఆండ్రియెట్ చిన్న కిరాణా కొట్టు నడుపుతూ పిల్లల్ని సాకింది. ఆల్ఫ్రెడ్ ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో ఉండేవాడు. తోటిపిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ కూర్చోవడమే ఎక్కువ.

1842లో కుటుంబమంతా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది. అప్పటికి తండ్రి అక్కడ రష్యా సైన్యానికి మందుపాతరలు తయారుచేస్తూ నిలదొక్కుకున్నారు. పిల్లలకు ఇంటి దగ్గరే మంచి పంతుళ్లను పెట్టించారు. పదిహేడేళ్లకే ఆల్ఫ్రెడ్‌కు ఐదు భాషలు ధారాళంగా వచ్చేశాయి. సాహిత్యం మీద మోజు ఎక్కువవుతుంటే తండ్రికి నచ్చక, కెమిస్ట్రీ నేర్చుకోమని దేశాలు తిప్పారు.

ఇటలీలోని ట్యూరిన్‌లో అస్కానియో సొబ్రెరో అనే రసాయన శాస్త్రవేత్త 1847లో నైట్రోగ్లిజరిన్ తయారుచేశారు. చూడటానికి నూనెలా ఉంటుంది. చిన్న కుదుపుకే పేలిపోతుంది. సొబ్రెరో దీని గురించి ఇంకో సంగతి కూడా రాసిపెట్టారు. నాలుక మీద రవ్వంత పడితే చాలు, తల పగిలిపోయేంత నొప్పి వస్తుందని. ఈ రెండో లక్షణాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నోబెల్ కుటుంబాన్ని ఆకర్షించింది మొదటిదే. పీటర్స్‌బర్గ్‌లో ప్రొఫెసర్ నికొలాయ్ జినిన్ దాగలి మీద ఒక చుక్క వేసి సుత్తితో కొట్టి చూపించారట. సుత్తి తగిలిన మేరకే పేలింది. మిగతాది అలాగే ఉండిపోయింది. అంటే మొత్తాన్ని ఒకేసారి, మనం అనుకున్నప్పుడే పేల్చే ఉపాయం కావాలి. ఆల్ఫ్రెడ్ పట్టుకున్న పని అదే.

తమ్ముణ్ని మింగిన ద్రవం

1863లో ఆయన స్వీడన్ తిరిగొచ్చి పేలుడు మొదలుపెట్టే డిటొనేటర్ కనిపెట్టారు. స్టాక్‌హోంలోని హెలెనెబోర్గ్‌లో చిన్న ఫ్యాక్టరీ పెట్టారు. 1864 సెప్టెంబరు 3న అది పేలిపోయింది. ఆయన తమ్ముడు ఎమిల్‌తో పాటు మరికొందరు చనిపోయారు. ఎమిల్‌కు ఇరవై ఏళ్లు. కొన్ని నెలలకే తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆయన మళ్లీ మామూలు మనిషి కాలేదు. 1872లో చనిపోయారు. అది కూడా సెప్టెంబరు 3నే.

ఇంకొకరైతే ఆ ద్రవం జోలికి మళ్లీ వెళ్లేవారు కాదేమో. నోబెల్ వెళ్లారు. నగరంలో ప్రయోగాలు చేయకూడదని ప్రభుత్వం నిషేధిస్తే, మేలరెన్ సరస్సులో పడవ మీద ప్రయోగాలు చేశారు. జర్మనీలో హాంబర్గ్ దగ్గర క్రూమెల్‌లో ఫ్యాక్టరీ కట్టారు. 1866లో అదీ పేలింది. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో, పనామా తీరంలో ఓడలో నైట్రోగ్లిజరిన్ పేలి ఎందరో చనిపోయారు. చివరికి దారి చూపించింది మట్టి. కీసెల్‌గూర్ అనే మెత్తటి మట్టి ఒక పాలు తీసుకుంటే, మూడు పాళ్ల నైట్రోగ్లిజరిన్‌ను పీల్చుకుని ముద్దగా మారింది. కుదుపులకు పేలదు. డిటొనేటర్ పెడితేనే పేలుతుంది. 1867లో పేటెంటు తీసుకున్న ఈ ముద్దే డైనమైట్. అక్కణ్నుంచి సొరంగాలు, రైలు మార్గాలు, గనులు, కాలువలు. యుద్ధాలు కూడా. మొత్తం 355 పేటెంట్లు, ఇరవై దేశాల్లో వ్యాపారం, లెక్కలేనంత డబ్బు. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

సోమవారం తలనొప్పి

డైనమైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఒక వింత బాధ ఉండేది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే తల దిమ్మెక్కిపోయేది. కణతలు టపటపా కొట్టుకునేవి. మంగళ, బుధవారాలకు సర్దుకునేది. వచ్చే సోమవారం మళ్లీ మొదలు! ఒంటికి అలవాటు పోకుండా ఉండాలని కొందరు సెలవురోజున కూడా టోపీ అంచుల్లో కాస్త నైట్రోగ్లిజరిన్ రాసుకునేవారట. ఇంకొందరికి ఇది తిరగబడేది. పనిలో ఉన్నన్నాళ్లు బాగానే ఉండి, సెలవు రోజున ఛాతీలో నొప్పి వచ్చేది. నోబెల్ కూడా జీవితమంతా తలనొప్పులతో బాధపడ్డారు. చేతికి, ముక్కుకు నిత్యం తగులుతున్న ఆ ద్రవం అందుకు కొంతైనా కారణం అయ్యుండాలి.

ఈ తలనొప్పిలోనే మందు దాగి ఉంది. డైనమైట్ పుట్టిన 1867లోనే ఎడిన్‌బరోలో థామస్ లాడర్ బ్రంటన్ అనే యువ డాక్టర్ గుండెనొప్పి రోగులకు అమైల్ నైట్రైట్ అనే మరో రసాయనాన్ని పీల్పించి ఉపశమనం కలిగించారు. 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్‌ను ముందు తన మీదే ప్రయోగించుకున్నారు. నాడి ఎగిరింది, తల దిమ్మెక్కింది. నాడి గీతలు చూస్తే అమైల్ నైట్రైట్ వేసుకున్నప్పటి గీతల్లాగే ఉన్నాయి. నూటికి ఒక పాలుగా పలచన చేసి రోగులకు ఇస్తే ఛాతీ నొప్పి తగ్గింది. నోబెల్ చీటీలోకి ఆ మందు ఎక్కింది అలాగే.

అప్పటికి ఆయన పారిస్ వదిలేసి ఇటలీ తీరంలోని సాన్ రెమోలో ఉంటున్నారు. తల్లి 1889లో పోయారు. ఆవిడ పేరు మీద స్టాక్‌హోంలోని కరొలిన్‌స్కా వైద్య సంస్థకు పరిశోధనల కోసం విరాళం ఇచ్చారు. 1895 నవంబరు 27న వీలునామా మీద సంతకం పెట్టారు. ఆస్తిలో అధిక భాగం, మూడు కోట్లకు పైగా స్వీడిష్ క్రోనార్లు, ఏటా ఇచ్చే బహుమతులకు. వైద్యానికి ఇచ్చే బహుమతి ఎవరికో తేల్చే పని కరొలిన్‌స్కాకే అప్పగించారు. ఏడాది తర్వాత, 1896 డిసెంబరు 10న, మెదడులో రక్తస్రావమై సాన్ రెమోలో చనిపోయారు. వయసు 63. ఐదు భాషలు మాట్లాడే మనిషికి ఆఖరి గంటల్లో స్వీడిష్ తప్ప ఏదీ నోరు తిరగలేదు. చుట్టూ ఉన్న పనివాళ్లకు ఆ భాష రాదు.

గోడ దాటే సందేశం

మన రక్తనాళాల గోడలో నున్నటి కండరాలు వలయాల్లా చుట్టుకుని ఉంటాయి. సంచి మూతికి ఉన్న నాడాలాంటివన్నమాట. బిగిస్తే నాళం ఇరుకవుతుంది, వదిలితే వెడల్పవుతుంది. వీటిని మనం కావాలని బిగించలేం, వదల్లేం. మరి వీటికి వదులవమని చెప్పేదెవరు?

జవాబు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో అనుకోకుండా దొరికింది. ఫార్మకాలజీ ప్రొఫెసర్ రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేసి చూసేవారు. నాళాన్ని పట్టీలా కోసి చూస్తే బిగుసుకునేది. ఉంగరంలా కోసి చూస్తే వదులయ్యేది. ఒకటే ధమని, ఒకటే రసాయనం, ఫలితాలు మాత్రం ఎడ్డెమంటే తెడ్డెం! చివరికి తేలిందేమంటే, పట్టీ కోసేటప్పుడు నాళం లోపలివైపు ఉండే పలచటి పొర రాపిడికి ఊడిపోతోంది. అద్దం మీద ఆవిరంత పలచన, ఒకే వరస కణాలు. అప్పటిదాకా దాన్ని లోపలి అస్తరు కిందే లెక్కేశారు. నిజానికి వదులవమనే కబురు పంపేది అదే. పొర ఊడిన ముక్కను, పొర ఉన్న ముక్కకు ఆనించి పెట్టి చూశారు. పొర లేనిది కూడా వదులైంది. పక్కదాని నుంచి ఏదో అందింది. ఈ సంగతి 1980లో ప్రచురించారు.

ఆ ఏదో ఏమిటి? 1977లోనే ఫెరిద్ మురాద్ నైట్రోగ్లిజరిన్ లాంటి మందుల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వెలువడుతుందనీ, దానివల్లే కండరం వదులవుతుందనీ చూపించి ఉన్నారు. 1986లో లూయీ ఇగ్నారో, ఫర్చ్‌గాట్ విడివిడిగా ఒకే మాటకు వచ్చారు. పొర పంపే కబురు కూడా నైట్రిక్ ఆక్సైడేనని. వాహనాల పొగలో ఉండే వాయువు మన ఒంట్లో కబుర్లు మోస్తోందంటే చాలామంది నమ్మలేదు.

అది పనిచేసే తీరు ఇదీ. రక్తం ఒరుసుకుంటూ పారినప్పుడు, లేదా ఎసిటైల్‌కోలిన్ లాంటివి తగిలినప్పుడు లోపలి పొర కణాల్లో క్యాల్షియం పెరుగుతుంది. దాంతో ఒక ఎంజైమ్ మేలుకుని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. ఇది వాయువు కదా, కణం గోడలో దీనికి తలుపులు అక్కర్లేదు. మన ఇంట్లో వేసిన తాలింపు ఘాటు పక్కింటికి పోయినట్టు కండర కణంలోకి పోతుంది. అక్కడ గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌లోని ఇనుము దాన్ని పట్టుకుంటుంది. వెంటనే ఆ ఎంజైమ్ సైక్లిక్ జీఎంపీ అనే రెండో దూతను పుట్టిస్తుంది. అది కండర కణంలో క్యాల్షియాన్ని తగ్గిస్తుంది, పట్టు సడలుతుంది. నాళం తెరుచుకుంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఆయుష్షు కొన్ని క్షణాలే. సైక్లిక్ జీఎంపీని కూడా మరో ఎంజైమ్ చకచకా విరిచేస్తుంది. లేకపోతే ఒకసారి వదులైన నాళం బిగుసుకునేదే కాదు.

పొగాకు, మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ లోపలి పొరను దెబ్బతీస్తాయి. కబురు పంపే శక్తి దానికి తగ్గుతుంది. నైట్రోగ్లిజరిన్‌కు ఆ పొరతో పనిలేదు. కండర కణమే దాన్ని విడగొట్టి నైట్రిక్ ఆక్సైడ్ తీసుకుంటుంది. గుండె ధమనులతో పాటు ఒంట్లోని సిరలు బాగా వదులవుతాయి. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి దాని మీద బరువు దిగుతుంది. నొప్పి తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. తల వైపు నాళాలు కూడా విప్పారతాయి కాబట్టే ఆ తలనొప్పి.

ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో వైద్య నోబెల్ ఇచ్చారు. లండన్‌లో అదే విషయాన్ని 1987లో గట్టిగా నిరూపించిన సాల్వడార్ మొంకాడాకు చోటు దక్కలేదు. ముగ్గురికి మించి ఇవ్వకూడదన్న నియమం సరే, ఆయన్ను వదిలేయడం అన్యాయమేనని చాలామంది శాస్త్రవేత్తలు అప్పట్లోనే అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది.

బిళ్ల మీ ఇంట్లో ఉంటే

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమని డాక్టర్లు ఇచ్చే బిళ్ల ఈ కుటుంబంలోదే. కొన్నిట్లో నైట్రోగ్లిజరినే ఉంటుంది. చాలా ఇళ్లలో కనిపించే సార్బిట్రేట్‌లోని ఐసోసార్బైడ్ డైనైట్రేట్ దాని దాయాది. పేలుతుందేమోనన్న భయం అక్కర్లేదు. బిళ్లలో ఉండేది అర మిల్లీగ్రాము లాంటి చిటికెడు కూడా కాని మోతాదు, దాన్ని పాలచక్కెరలాంటి పొడిలో కలిపేస్తారు. మింగేస్తే కాలేయం చాలావరకు విరిచేస్తుంది కాబట్టి నాలుక కిందే పెట్టుకోవాలి. నాళాలన్నీ వదులై రక్తపోటు పడిపోతుంది, కళ్లు తిరగొచ్చు. అందుకే కూర్చుని వేసుకోవాలి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే 108కి ఫోన్ చేయాలి. డాక్టరు చెప్పనివాళ్లు పక్కింటాయన బిళ్ల అరువు తెచ్చుకుని వేసుకోకూడదు.

రోజూ వేసుకునే నైట్రేట్ మాత్రలకు డాక్టర్లు రోజులో కొన్ని గంటల విరామం ఉండేలా వేళలు చెబుతారు. ఎడతెగకుండా వేసుకుంటే, డైనమైట్ కార్మికులకు అయినట్టే, ఒంటికి అలవాటై మందు పనిచేయదు. ఆ వేళలు సొంతంగా మార్చొద్దు. మగవాళ్లు అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్, టాడలాఫిల్ మాత్రలు సైక్లిక్ జీఎంపీని విరిచే ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి. అటు నైట్రేట్ పుట్టిస్తుంటే ఇటు ఇవి విరగనివ్వవు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయమయ్యేంత పడిపోవచ్చు. అవి వాడుతుంటే మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పాలి. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లినప్పుడైతే మరీ ముఖ్యం.

నైట్రోగ్లిజరిన్ బిళ్లల్ని అవి వచ్చిన ముదురు రంగు గాజు సీసాలోనే మూత బిగించి ఉంచండి. ప్లాస్టిక్ డబ్బాలోకో, చీర కొంగు ముడిలోకో మారిస్తే మందు మెల్లగా ఆవిరైపోతుంది, చేతికి బిళ్ల మాత్రం మిగులుతుంది.