మూడు తప్పుల గడువు - అక్క మహాదేవి చరితము

పన్నెండవ శతాబ్దిలో కన్నడ దేశమున, నేటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడి గ్రామమున అక్క మహాదేవి జన్మించెను. బాల్యముననే ఇష్టలింగదీక్షను పొంది, చెన్నమల్లికార్జునుని తన పతిగా భావించి పెరిగెను. ఆమె వచనములను మనము భక్తితో పఠింతుము. ఆమె రాజగృహమును వీడిన కారణమును మాత్రము అంతగా తలపము.

హరిహర కవి తన రగళెలో ఆ కథను చెప్పెను. కౌశికుడను రాజు ఆమె రూపమును చూచి మోహించి పెండ్లికి కబురంపెను. భవియగు రాజునకు బిడ్డనిచ్చుటకు తల్లిదండ్రులు సమ్మతింపలేదు. అంతట రాజు వారి ప్రాణములు తీయుదునని బెదిరించెను. కన్నవారిని కాపాడుకొనుటకై మహాదేవి తలయొగ్గెను. భయముచే పలికించిన అంగీకారము అంగీకారము కాదని వేరుగ చెప్పవలెనా?

అయినను ఆమె నోరు మూసికొని పోలేదు. తన ఇచ్చవచ్చినట్లు శివపూజ సాగవలెననియు, మాహేశ్వరుల గోష్ఠికిని గురుసేవకును అడ్డు రారాదనియు నియమములు పెట్టెను. మూడు తప్పులవరకు సహింతుననియు, ఆపై నిలువననియు ముందే తెలిపెను. రాజు ఒప్పుకొనెను, పిదప ఒక్కొక్కటిగా మాట తప్పెను. ఆమె లెక్క తప్పలేదు. మూడవ తప్పుతో రాజసంపదను, నగలను, తుదకు కట్టుబట్టను సైతము విడిచి, కేశములే వస్త్రముగా ఒంటరిగా వెడలిపోయెను. 15వ శతాబ్దివాడైన చామరసు తన ప్రభులింగలీలెలో ఆ వివాహమే జరుగలేదని చెప్పెను. రాజు అధికారమునకు ఆమె లొంగలేదనుటలో మాత్రము ఇరువురు కవులును ఏకీభవించిరి.

ఆమె కల్యాణమునకు చేరినపుడు అనుభవమంటపమున అల్లమప్రభువు కఠినముగా ప్రశ్నించెను. నీ భర్త యెవరని అడిగెను. దేహాభిమానము వీడినచో కేశములతో మేను కప్పుకొనుటేలనని నిలదీసెను. ఆమె తడబడక సమాధానమిచ్చెను. ఆ సభలో ఆమె జ్ఞానమును పరీక్షించినవారు కలరు గాని, మగని యింటికి మరలిపొమ్మని చెప్పినవారు లేరు. బసవేశ్వరాది శరణులు ఆమెను అక్కయని గౌరవించిరి. తుదకామె శ్రీశైలమునకు వచ్చి, అచటి కదళీవనమున లింగైక్యమందెనని సంప్రదాయము.

శరణబంధువులారా! నేడును మగని చేతిలో దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డకు మనలో పలువురు చెప్పు మాట ఒక్కటే: సర్దుకొని పొమ్మని. ఓర్పునకు హద్దు లేదని ఆమెకు నేర్పుదుము. మగని కోపమునకు హద్దు ఉండవలెనని అతనికి నేర్పము. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస చట్టము, కొట్టుటయే గాక, మాటలతో హింసించుట, బలవంతము చేయుట, ధనమీయక బాధించుట కూడ హింసయే యని చెప్పుచున్నది. ఆ చట్టమునకు ఎనిమిది శతాబ్దములకు ముందే ఒక స్త్రీ తన సహనమునకు మూడు తప్పుల గడువు పెట్టెను. ఒక సభ ఆమెను చేరదీసెను.

మన ఇంటి వాకిట నిలిచిన బిడ్డను పరువు పేరిట వెనుకకు పంపుట కౌశికునికి తోడ్పడుటయే. తలుపు తీసి, అన్నము పెట్టి, ఆమె చెప్పునది తుదివరకు వినుట శరణధర్మము. అక్క చిత్రపటమునకు పూలమాల వేయు ప్రతి గృహమునకును, ప్రతి మఠమునకును ఆ బాధ్యత కలదు.

శరణు శరణార్థి.