400వ నంబరు పిల్లి: డాక్టర్ హోసోకవా జీవితం

ఎసిటిలీన్‌కు నీరు కలిపి, పాదరసం లవణాన్ని ఉత్ప్రేరకంగా వాడితే ఎసిటాల్డిహైడ్ వస్తుంది. ఇంటర్‌లో ఈ సమీకరణం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనలో చాలామందిమి. దాని వెనుక ఒక సముద్రం కథ, ఒక డాక్టరు కథ ఉన్నాయని పీజీకి వచ్చాకే తెలుసుకున్నాం.

డాక్టర్ హజిమె హోసోకవా 1901లో జపాన్‌లోని ఎహిమే ప్రాంతంలో జన్మించారు. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో వైద్యం చదివారు. చిస్సో అనే రసాయనాల కంపెనీలో డాక్టరుగా చేరి, మినమాటా పట్టణంలో ఆ కంపెనీ ఆసుపత్రికి అధిపతి అయ్యారు. ఊరికి ఆ ఫ్యాక్టరీయే బతుకుతెరువు. 1932 నుంచి అక్కడ ఎసిటాల్డిహైడ్ తయారుచేసి, మిగిలిన మురికినీటిని అఖాతంలోకి వదిలేవారు.

1950లలో తీరపల్లెల్లో పిల్లులు గిరగిరా తిరిగి, గంతులు వేసి చనిపోసాగాయి. 1956 ఏప్రిల్‌లో నడక తడబడి, మాట ముద్దగా వస్తున్న ఒక చిన్నపాపను ఆసుపత్రికి తెచ్చారు. ఆ వెంటనే ఆమె చెల్లెలికీ, ఇరుగుపొరుగు వారికీ అవే లక్షణాలు. అంతుచిక్కని నరాల జబ్బు వ్యాపిస్తోందని మే 1న ఆరోగ్య కార్యాలయానికి హోసోకవా ఆసుపత్రే తెలియజేసింది. జబ్బుపడినవారు ఎక్కువగా మత్స్యకారులే. రోజూ ఆ అఖాతం చేపలే వారి కూర.

హోసోకవా అనుమానం సొంత ఫ్యాక్టరీ మీదికే పోయింది. 1959లో ఎసిటాల్డిహైడ్ విభాగం మురికినీటిని మేతలో కలిపి ఒక పిల్లికి పెట్టారు. దాని నంబరు 400. అక్టోబరులో దానికీ అదే జబ్బు వచ్చింది. విషయం యాజమాన్యానికి చెప్పారు. ప్రయోగం ఆపమన్నారు. ఫలితం బయటికి రాలేదు. ఆయన కూడా మాట్లాడలేదు.

ఆ డిసెంబరులోనే కంపెనీ నీటిని శుద్ధిచేసే యంత్రం పెట్టింది. అది పాదరసాన్ని తీసేది కాదు. ఇక ముందు నష్టపరిహారం అడగబోమని రాయించుకుని బాధితుల చేతిలో కొద్ది డబ్బు పెట్టింది. హోసోకవా 1962లో ఉద్యోగం మానేశారు. విషపు నీరు మాత్రం 1968 వరకు పారింది. పిల్లి పడిపోయాక మరో తొమ్మిదేళ్లు!

బాధితులు 1969లో కోర్టుకెక్కారు. 1970 జులైలో క్యాన్సర్‌తో టోక్యో ఆసుపత్రిలో మంచం పట్టిన హోసోకవా, ఆ మంచం మీద నుంచే పిల్లి సంగతి సాక్ష్యంగా చెప్పారు. అక్టోబరులో కన్నుమూశారు. 1973 మార్చిలో కుమమోటో కోర్టు కంపెనీదే తప్పని తీర్పిచ్చింది.

సముద్రాన్ని బాగుచేయడం తీర్పు ఇచ్చినంత తేలిక కాలేదు. విషపు చేపలు బయటికి పోకుండా 1974లో అఖాతానికి అడ్డంగా వల కట్టారు. 1977 నుంచి 1990 వరకు సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురదను తోడి, కొంత భాగాన్ని పూడ్చి, 58 హెక్టార్ల నేల చేశారు. చేపలు సురక్షితమని తేలాక 1997లో వల తీసేశారు. అఖాతం కోలుకుంది. దెబ్బతిన్న నరాలు కోలుకోలేదు. అధికారికంగా గుర్తించిన బాధితులే రెండువేల మందికి పైగా ఉన్నారు.

హోసోకవాను దేవుణ్ణి చేయలేం, దోషి అని తోసెయ్యనూ లేం. మొదట జబ్బును బయటపెట్టింది ఆయనే, కారణం తెలిశాక మౌనంగా ఉన్నదీ ఆయనే. ఇంటికి మొదటి జీతం తెచ్చే మనకు ఆ మౌనం అర్థం కాని విషయమేం కాదు. నెల తిరిగేసరికి అమ్మానాన్నలు మన మనియార్డరు కోసం ఎదురుచూస్తారు, తమ్ముళ్ల ఫీజులుంటాయి.

మన హాస్టల్లో చదివి తీరంలోని ఫ్యాక్టరీల ల్యాబుల్లో పనిచేస్తున్న అన్నలు, అక్కలు ఉన్నారు. నీటి శాంపిల్ రిపోర్టు మీద సంతకం వాళ్లదే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక్క గంట మాతో కూర్చోండి. తప్పు కనబడితే ఎవరికి చెప్పాలో, ఉద్యోగం ఎలా కాపాడుకోవాలో మాకు చెప్పండి. 400వ నంబరు పిల్లి మన బల్ల మీదికి రాకముందే అది తెలుసుకోవాలని మా కోరిక.