వినిన మాట ఎక్కడ ఆగెను?

ధ్యానము కొరకు: యెహెజ్కేలు 33:1-9, అపొస్తలుల కార్యములు 23:12-24

నాగావళి ఒడ్డున నివసించువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రాయగడ కొండలలో కురిసిన వాన అక్కడివారికి ముందు తెలియును. ఆ వేళ శ్రీకాకుళములో ఆకాశము నిర్మలముగానే ఉండవచ్చును. ఎగువ కబురు దిగువకు చేరినయెడల జనులు పశువులను విప్పుకొని మెరకకు పోవుదురు. నడుమనున్న ఒక్కడు ఆ కబురును తనయొద్దనే ఉంచుకొనినయెడల, ఎగువవాడు వేసిన కేక వ్యర్థమగును. ఈ నెల అట్టి కేక వేసిన ఒక మనుష్యుని జీవితమును ధ్యానింతము.

కుర్ట్ గెర్‌స్టైన్ 1905 ఆగస్టు 11న జర్మనీ దేశములోని మ్యూన్‌స్టర్ పట్టణమున ఒక న్యాయాధిపతి ఇంట జన్మించెను. గనుల ఇంజనీరు చదువు చదివెను. యౌవనమందే ప్రొటెస్టెంటు బైబిలు తరగతులలో చేరి, యువజనులకు నాయకుడాయెను. 1933లో అనేకులవలె అతడును నాజీ పక్షములో చేరెను. అయితే ఆ ప్రభుత్వము సంఘముపై చేయి వేసినప్పుడు, దానిని ఎదిరించిన విశ్వాసుల పక్షమున నిలిచెను. కరపత్రములు పంచినందుకు 1936లో అరెస్టు చేయబడి, సర్కారు ఉద్యోగమును పోగొట్టుకొనెను. 1938లో మరల పట్టుబడి నిర్బంధ శిబిరములో ఉండెను.

1941లో అతని బంధువర్గములోని ఒక స్త్రీ, మనోవ్యాధిగలది, హడమార్ ఆసుపత్రిలో చంపబడెను. ఇట్టివారిని ప్రభుత్వమే రహస్యముగా చంపుచున్నదని అతనికి తెలిసెను. లోపల జరుగుచున్నదానిని కన్నులార చూడవలెనని నిశ్చయించుకొని, ఆ సంవత్సరమే హిట్లరు ఎస్.ఎస్. దళములో చేరెను. అక్కడ నీటిని శుద్ధిచేయు పని, జ్వరములను అరికట్టు పని అతనికి అప్పగింపబడెను.

1942వ సంవత్సరము మన ప్రాంతమువారికి మరువరానిది. ఆ ఏప్రిల్ 6న జపానువారి బాంబులు విశాఖపట్నముపై పడెను. ఆ యేడే ఆగస్టు నెలలో గెర్‌స్టైన్ విషద్రవ్యము తీసికొని పోలండులోని బెల్జెక్ శిబిరమునకు పోవలసివచ్చెను. అక్కడ యూదులైన పురుషులు, స్త్రీలు, పిల్లలు రైలు పెట్టెలనుండి దింపబడి, వస్త్రహీనులుగా గదులలోనికి త్రోయబడుట చూచెను. వారిని ఇంజను పొగతో చంపుచుండిరి. ఆ దినమున ఇంజను పనిచేయలేదు. దాదాపు మూడు గంటలు వారు ఆ గదులలో నిలిచియుండగా, అతడు గడియారము పట్టుకొని లెక్కించెను. అంతట ఇంజను కదిలెను.

కొద్ది దినములలోనే వార్సానుండి బెర్లినుకు పోవు రాత్రి రైలులో స్వీడను రాయబార కార్యాలయ కార్యదర్శియైన గోరాన్ ఫాన్ ఓటర్ అతనికి ఎదురుపడెను. ఇద్దరికిని పడక దొరకలేదు, నడవలోనే నిలిచియుండిరి. స్వీడను యుద్ధములో చేరని దేశము. ఉత్తరము వ్రాసిన గూఢపోలీసులు విప్పుదురు. నోటితో చెవిలో చెప్పుటయే మార్గము. గెర్‌స్టైన్ కన్నీళ్లతో అంతయు చెప్పెను, తనయొద్దనున్న కాగితములను చూపెను. తన్ను గూర్చి విచారించుటకు బెర్లినులోని ఒట్టో డిబేలియుస్ అను సంఘాధికారి పేరు చెప్పెను. లోకమునకు తెలియజేయుమని బ్రతిమాలెను.

అంతటితో ఊరకుండలేదు. బెర్లినులోని పోపుగారి రాయబారి గృహమునకు స్వయముగా పోయెను. సైనికుడవా అని అడిగి, అతని మాట వినకుండ పంపివేసిరి. స్విట్జర్లాండు రాయబార కార్యాలయపు ఉద్యోగికి చెప్పెను; డిబేలియుస్‌కు చెప్పెను; ఒక డచ్చి స్నేహితునికి చెప్పెను. ప్రతి వాకిట ప్రాణమును పణముగా పెట్టెను.

ఆ మాట ఏమాయెను? ఫాన్ ఓటర్ డిబేలియుస్‌ను విచారించి, తన పైవారికి తెలిపెను. స్వీడను ప్రభుత్వము దానిని మిత్రరాజ్యములకు యుద్ధము ముగియువరకు అందింపలేదు. పోపుగారి వారే కాదు, మన ప్రొటెస్టెంటు సంఘములును ఆనాడు తగినంత గట్టిగా నోరు విప్పలేదు.

గెర్‌స్టైన్ నిష్కళంకుడని చెప్పలేము. అతడు ఆ దుస్తులు విడువలేదు. శిబిరములకు విషద్రవ్యము తెప్పించిన పట్టీలపై అతని పేరే ఉండెను. కొంత పాడుచేసితినని అతడు వ్రాసెను. 1945 ఏప్రిల్‌లో ఫ్రెంచివారికి లోబడి, చూచినదంతయు వాఙ్మూలముగా వ్రాసి ఇచ్చెను. వారు అతనిని నేరస్థునిగా ఎంచి పారిసు చెరసాలలో ఉంచిరి. జూలై 25న అతడు తన గదిలో ఉరికి వ్రేలాడుచు కనబడెను. వయస్సు 39. ఆ నెలలోనే ఫాన్ ఓటర్ అతనికి సహాయముగా లండనుకు వ్రాసెను. స్వీడనువారు ఆంగ్లేయులకు సంగతి తెలుపునాటికి అతడు లేడు. 1950లో జర్మను న్యాయస్థానమొకటి అతడు చేసినది చాలదని తీర్పు చెప్పెను. 1965లో ఆ మచ్చ తొలగింపబడెను.

ప్రియులారా, అపొస్తలుల కార్యములను తెరచి చూడుడి. నలుబది మందికి పైగా పౌలును చంపుటకు ఒట్టు పెట్టుకొనిరి. అతని మేనల్లుడు విని, కోటలోనికి వెళ్లి పౌలుకు చెప్పెను. పౌలు శతాధిపతిని పిలిచెను. శతాధిపతి ఆ చిన్నవానిని సహస్రాధిపతి యొద్దకు తీసికొనిపోయెను. ఆ అన్యాధికారి అతని చెయ్యి పట్టుకొని, ఏకాంతముగా విని, ఆ రాత్రియే సైనికులను సిద్ధపరచెను. ఒక్క చేతిలోనైనను మాట ఆగలేదు. కనుక పౌలు బ్రతికెను. గెర్‌స్టైన్ చెప్పిన మాట చేతినుండి చేతికి పోకమునుపే ఆగెను.

మన జిల్లాలనుండి ఎందరో పని కొరకు దూరదేశములకు పోవుచున్నారు. అక్కడ యజమాని చేత చిక్కుకొనిన భర్తను గూర్చి ఒక సహోదరి ఏడ్చుచు సంఘపెద్ద యొద్దకు వచ్చినయెడల, ప్రార్థన చేసి పంపివేయుట చాలునా? ఆమెతోకూడ కలెక్టరు కచేరీకి నడువవలెను. అక్కడి మన రాయబార కార్యాలయమునకు సంగతి చేరువరకు విడువరాదు. పొరుగింట దెబ్బలు తినుచున్న బిడ్డ విషయమైనను అంతే. చెప్పినవాడు తన భారమును దించుకొనెను. వినినవానిపై అది ఎక్కెను.

ప్రభువా, మా చెవిని పడిన మొఱ్ఱను మాయొద్దనే ఆగనియ్యకుము. ఆమేన్.