వేణు బప్పు

సూర్యుని చుట్టూ తిరిగే గ్రహాలు రెండు రకాలని మీరు చదివారు. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు చిన్నవి; రాతితో ఏర్పడినవి. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ చాలా పెద్దవి; వీటిపై కాలు మోపడానికి గట్టి నేల ఉండదు. మరొక భేదం కూడా ఉంది. దాన్ని తెలుసుకోవడంలో మన దేశం పాత్ర ఏమిటో చూడండి.

వేణు బప్పు 1927లో మద్రాసులో జన్మించారు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో బప్పు అమెరికాలోని హార్వర్డులో చదివారు. 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. అయినా అక్కడే స్థిరపడక స్వదేశానికి తిరిగి వచ్చారు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయ్యారు. తరువాత తమిళనాడులోని కావలూరులో కొత్త వేధశాలను నెలకొల్పారు.

1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందుగా సాగింది. ఆ నక్షత్రపు వెలుగు ఉన్నట్టుండి తగ్గి, మళ్ళీ పెరగడాన్ని కావలూరు శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. విమానంలోని టెలిస్కోపుతో అమెరికా శాస్త్రజ్ఞులూ దీన్ని గమనించారు. యురేనస్ చుట్టూ ఉన్న సన్నని వలయాలే ఇందుకు కారణం. అంతవరకు శనికి మాత్రమే వలయాలున్నాయని తెలుసు. తరువాత గురునికి, నెప్ట్యూన్‌కు కూడా ఉన్నాయని తేలింది. రాతి గ్రహాల్లో ఒక్కదానికీ వలయాలు లేవు.

కావలూరు కోసం తలపెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు పూర్తికాక ముందే, 1982లో బప్పు మరణించారు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు చెప్పండి: రెండు రకాల గ్రహాలకూ గల ఒక పోలిక, రెండు భేదాలు ఏవి?